టాలెంట్ బరువెంత?

ఎండాకాలం వస్తోందంటే నల్లగొండలో కరెంటు స్తంభాలకు 'టాలెంట్ టెస్ట్' ఫ్లెక్సీలు వేలాడతాయి. మంచి ర్యాంకు వస్తే ఫీజులో రాయితీ. ఆదివారం చర్చి మైకులోనేమో పాస్టరుగారు "దేవుడు నీకిచ్చిన తలాంతును దాచిపెట్టకు" అంటుంటారు. ఫ్లెక్సీ మీది టాలెంట్, మైకులోని తలాంతు ఒక తల్లి బిడ్డలే. ఒకటి లాటిన్, ఫ్రెంచ్, ఇంగ్లిష్ దాటుకుని బడికి చేరింది. రెండోది తెలుగు బైబిలుతో పాటు పల్లెకు చేరింది. చూస్తే చుట్టరికం ఉన్నట్టే అనిపించదు.

ఆ తల్లి 'తలాంతోన్' అనే గ్రీకు మాట. అర్థం తరాజు. తరాజులో తూచే ఒక పెద్ద బరువుకూ, తర్వాత అంత బరువున్న వెండి విలువకూ అదే పేరైంది. బాబిలోను లెక్కలో 60 మినాలు (మినా అంటే చిన్న తూకం) ఒక తలాంతు, దాదాపు 30 కిలోలు. ఏథెన్స్ లెక్కలో 26 కిలోలు. మన వంటింట్లో నిండు గ్యాస్ సిలిండరు ఇనుముతో కలిపి అటూ ఇటూగా 30 కిలోలు ఉంటుంది. అంత బరువు వెండిని ఊహించుకోండి.

మత్తయి సువార్త 25వ అధ్యాయంలోని ఉపమానంలో యజమాని దేశాంతరం పోతూ ముగ్గురు దాసులకు ఈ వెండినే అప్పగిస్తాడు. ఒకరికి అయిదు, ఒకరికి రెండు, ఒకరికి ఒకటి. చివరివాడికి దక్కింది చిల్లర అనుకుంటే పొరపాటు. ఒక తలాంతు 6,000 దేనారాలకు, అంటే రోము వెండి నాణేలకు సమానం. అదే సువార్తలో ద్రాక్షతోట కూలీకి రోజుకు ఒక దేనారం. ఏడాదికి 300 రోజులు పని దొరికినా 20 ఏళ్ల కష్టం. ఇప్పటి కూలి రోజుకు 500 వేసుకుంటే 30 లక్షలు!

మొదటి ఇద్దరూ వ్యాపారం చేసి రెట్టింపు చేస్తారు. మూడోవాడు భయపడి భూమిలో పాతిపెడతాడు. యజమాని తిరిగొచ్చి, వాడి తలాంతు గుంజుకుని పది ఉన్నవాడికి ఇప్పిస్తాడు. ఉన్నవాడికే ఇంకా దక్కుతుందన్న ఆ వాక్యాన్ని పట్టుకునే, పేరున్న శాస్త్రవేత్తలకే మరింత పేరు రావడాన్ని 1968లో అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 'మత్తయి ప్రభావం' అన్నాడు. ర్యాంకర్లకు స్పెషల్ బ్యాచ్ పెట్టే మన కాలేజీలకు ఇది కొత్త సంగతేం కాదు.

నాకు ఎక్కువ ఆసక్తిగా అనిపించేది 15వ వచనం. "ఎవని సామర్థ్యము చొప్పున వానికి" ఇచ్చాడని ఉంది అందులో. అంటే సామర్థ్యం వేరు, తలాంతు వేరు. సామర్థ్యం మనిషిది. తలాంతు యజమాని సొత్తు, లెక్క చెప్పి తిరిగి అప్పగించాల్సింది. శతాబ్దాల పాటు బోధకులు ఆ వెండిని దేవుడిచ్చిన వరాలుగా వివరిస్తూ రావడంతో 15వ శతాబ్దానికి ఇంగ్లిష్‌లో 'టాలెంట్' అంటే పుట్టుకతో వచ్చిన నేర్పు అయింది. అంతకుముందు పాత ఫ్రెంచిలో అదే మాటకు కోరిక, మొగ్గు అని అర్థం. మన మనసు ఎటు మొగ్గితే తరాజు అటు వంగినట్టన్నమాట. 'టాలెంటెడ్' అన్న మాట వింటే ఇంగ్లిష్ కవి కోల్‌రిడ్జికి ఒళ్లు మండేది. అదే ఒప్పయితే షిల్లింగు నాణెం పేరుతో 'షిల్లింగ్డ్' అని కూడా అనొచ్చు కదా అని 1832లో విసుక్కున్నాడు. ఆయన చెవికి అందులో ఇంకా డబ్బు గలగలే వినబడేదేమో.

బైబిలును తెలుగు చేసినవాళ్లు హీబ్రూ తూకం షెకెలును 'తులము' చేశారు. వడ్డీకి డబ్బు తిప్పేవాళ్లను 'సాహుకారులు' అన్నారు. ఈ ఉపమానంలోని తలాంతును మాత్రం ముట్టుకోలేదు. 1890 ప్రాంతంలో రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ అనే క్రైస్తవ శాఖ మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ నల్లగొండలో పని మొదలుపెట్టాడు. అప్పుడు ఇది నిజాం రాజ్యం, కచేరీ భాష ఉర్దూ. నేర్పుకు 'హునర్' ఉంది. తెలివిగా మసలుకునేవాణ్ని 'ఇగురమున్నోడు' అనేవాళ్లు, ఇప్పటికీ అంటారు. 'తలాంతు' వీటి పక్కన చేరింది గానీ చర్చి గేటు దాటి పెద్దగా బయటికి రాలేదు. బయట తిరిగే పని ఇంగ్లిష్ బడుల పుణ్యమా అని టాలెంటుకు దక్కింది.

పాతిపెట్టినవాణ్ని యజమాని "సోమరివైన చెడ్డ దాసుడా" అని తిడతాడు, సాహుకారుల దగ్గర పెట్టినా వడ్డీ వచ్చేది కదా అంటాడు. కానీ ఆ కాలపు లెక్కలో వాడు చేసింది మరీ తెలివితక్కువ పని కాదు. ఒకరు దాచమన్న డబ్బుకు భూమిని మించిన కాపలా లేదని యూదుల ధర్మశాస్త్ర గ్రంథం తల్ముదులో షమూయేలు అనే గురువు తీర్పే ఉంది.

దేవరకొండ దిక్కు మా ఊళ్లో మా నాయినమ్మకు షమూయేలూ తెలియదు, తల్ముదూ తెలియదు. నేను చిన్నప్పుడు ఈ వాక్యం చదివి వినిపిస్తుంటే 'సాహుకారుల యొద్ద' అన్నచోట ఆపింది. కరువు ఏడాది అప్పు పత్రం మీద వేలిముద్ర వేసి, రెండెకరాల చెల్క పోగొట్టుకున్న ఇల్లు మాది.

"పాతిపెట్టినోడే నయం బిడ్డా," అంది. "సావుకారి తాన పెడితే అసలు గూడ వాపస్ రాకపోతుండె."