ఆకు పసుపెక్కగానే ఎరువు వేయకండి: కుండీ మొక్కలు, బోరు నీళ్లు, పీహెచ్ – అపోహలు, వాస్తవాలు

ఎండలు ముదిరితే చాలు, నల్లగొండలోని మా నర్సరీకి రోజూ ఎవరో ఒకరు కవరులో పసుపెక్కిన ఆకు పట్టుకుని వస్తారు. "దీనికి ఏ ఎరువు వేయాలి?" అన్నదే మొదటి ప్రశ్న. మొక్కకు ఏమైందని అడిగేవాళ్లు చాలా తక్కువ. అప్పటికే ఇంట్లో ఒక చెంచా యూరియా, నాలుగు డీఏపీ గింజలు, వీడియోలో చూసిన ఉల్లితొక్కల నీళ్లు, ఎప్సమ్ సాల్ట్ అన్నీ అయిపోయి ఉంటాయి. మొక్క మీద మమకారంతోనే ఇవన్నీ చేస్తారు కాబట్టి వాళ్లను కోప్పడబుద్ధి కాదు. నా కోపమంతా ఒకే మందు అన్ని మొక్కలకూ పనిచేస్తుందని ప్రచారం చేసేవాళ్ల మీద.

అపోహ: ఆకు పసుపెక్కిందంటే మొక్కకు బలం చాలడం లేదు.

మా ప్రాంతంలో కుండీ మొక్కలను ఎక్కువగా చంపుతున్నది ఈ ఒక్క మాటే. ఆకు పసుపెక్కడానికి అరడజను కారణాలు ఉంటాయి. వాటిలో ఆకలి ఒకటి మాత్రమే. నెలనెలా కంపోస్టు పడే కుండీలో అది చాలా అరుదు. ముందుగా ఏ ఆకు పసుపెక్కిందో చూడండి. కింది ముదురు ఆకులు మొత్తంగా, ఈనెలతో సహా పాలిపోయి రాలుతుంటే నత్రజని తక్కువై ఉండవచ్చు, లేదా వేళ్లు కుళ్లి ఉండవచ్చు. ముదురు ఆకుల్లోనే ఈనెల మధ్య భాగం మాత్రం పసుపెక్కితే మెగ్నీషియం లోపాన్ని అనుమానించాలి. చిగుళ్లు, లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా వలలాగా కనిపిస్తుంటే అది ఇనుము అందని లక్షణం. మా దగ్గరకు వచ్చే మందారం, గులాబీ, గంధరాజం, నూరు వరహాల ఆకుల్లో ఎక్కువ భాగం ఈ చివరి రకమే.

ఆ తర్వాత వేళ్లు చూడాలి. ఇది చెప్పగానే చాలామంది భయపడతారు, మొక్క చచ్చిపోతుందేమోనని. ఏమీ కాదు. మట్టి కాస్త తడిగా ఉన్నప్పుడు కుండీని పక్కకు వంచి, అంచు మీద అరచేత్తో తట్టి, మట్టిగడ్డను మొత్తంగా బయటకు జార్చండి. ఆరోగ్యమైన వేరు తెల్లగానో లేత గోధుమ రంగులోనో ఉండి, లాగితే గట్టిగా తగులుతుంది. కుళ్లిన వేరును రెండు వేళ్ల మధ్య పట్టి లాగితే పైతొడుగు గొట్టంలా జారి చేతికి వస్తుంది, లోపల సన్నటి దారం మిగిలిపోతుంది. మురుగు వాసన కూడా వస్తుంది. ఈ దశలో ఉన్న మొక్క మట్టి తడిగా ఉన్నా వాడిపోతుంది, ఎందుకంటే నీళ్లు తాగే వేళ్లు లేవు. వాడిందని మళ్లీ నీళ్లు పోస్తారు, పసుపెక్కిందని ఎరువు వేస్తారు. చచ్చిన వేళ్లకు ఎరువు అందదు, బతికి ఉన్న నాలుగు వేళ్లను అది మాడుస్తుంది.

వేళ్లు బాగానే ఉండి చిగుళ్లే పసుపెక్కుతున్నాయంటే ఇక చూడాల్సింది మీరు పోసే నీళ్లు. మిర్యాలగూడ రోడ్డు వైపు కాలనీలో ఉండే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు మేడ మీద వరుసగా మందారాలు పెంచుతారు. చిగుళ్లు పసుపు, ఈనెలు పచ్చ. ఆయన వారం వారం 19-19-19 (నత్రజని, ఫాస్ఫరస్, పొటాష్ సమానంగా ఉండే ఎరువు) పోస్తున్నారు. ఆకుల అంచులు కూడా మాడటం మొదలైంది. "మట్టికి వంక పెట్టలేవు బాబూ, మా ఊరి చెల్కా నుంచి తెప్పించిన ఎర్రమట్టి" అన్నారు. నిజమే, ఆ మట్టికి వంక లేదు. ఎర్రమట్టికి ఆ ఎరుపు వచ్చిందే ఇనుము వల్ల. కుండీ నిండా ఇనుము పెట్టుకుని మొక్క ఇనుము అందక చిక్కిపోతోంది. "నీళ్లు ఎక్కడివి సార్?" అని అడిగితే బోరువి అన్నారు. మట్టి కుండీల అంచున వేలిగోటితో గీకితే తెల్లటి పొడి రాలింది. సున్నంలా గట్టిగా పేరుకున్న ఆ పొరే అసలు సంగతి చెప్పింది.

మన జిల్లాల్లో బోరు నీళ్లలో బైకార్బొనేట్లు, కాల్షియం ఎక్కువ. రోజూ పోసే నీటితో పాటు అవీ కుండీలో చేరతాయి. నీరు ఆవిరైపోతుంది, అవి మిగిలిపోతాయి. లెక్క చూడండి: టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) 1000 ఉన్న నీరంటే లీటరుకు ఒక గ్రాము లవణాలు. వేసవిలో రోజుకు లీటరు చొప్పున, అడుగు నుంచి కారకుండా రెండు నెలలు పోస్తే ఒక్క కుండీలో 60 గ్రాములు పేరుకుంటాయి. బైకార్బొనేట్ల వల్ల మట్టి పీహెచ్ (మట్టి ఆమ్లమో క్షారమో చెప్పే అంకె, 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) మెల్లగా 6.5 నుంచి 8 దాకా ఎగబాకుతుంది. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే ఆమ్లత పది రెట్లు తగ్గినట్టు. ఆ స్థితిలో ఇనుము కరగని రూపంలోకి మారి వేరుకు అందదు. దాని మీద ఫాస్ఫరస్ ఎరువులు దట్టిస్తే ఇనుము ఇంకా బిగుసుకుపోతుంది. మాస్టారు చేసింది అదే.

ఇక్కడే రెండో పొరపాటు జరుగుతుంది: "మా నీళ్ల పీహెచ్ ఏడున్నరే, బాగానే ఉంది" అంటారు. నీటి పీహెచ్ ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. రెండు నీళ్లకూ మీటరు 7.8 చూపవచ్చు. ఒకదానిలో క్షారత (ముఖ్యంగా బైకార్బొనేట్ల మోతాదు) లీటరుకు 40 మిల్లీగ్రాములు ఉంటే, మరోదానిలో 400 ఉండవచ్చు. మొదటిది మట్టిని ఏమీ చేయదు, రెండోది ఆరు నెలల్లో దాని స్వభావాన్ని మార్చేస్తుంది. నీటి పరీక్ష చేయించినప్పుడు రిపోర్టులో 'టోటల్ ఆల్కలినిటీ' (మొత్తం క్షారత) అన్న గడి చూడండి. 100 లోపు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. 200 దాటితే మందారం, గంధరాజం వంటి ఆమ్లత ఇష్టపడే మొక్కలకు ఆ నీళ్లు ఒక్కటే పోయవద్దు.

మాస్టారి మందారాలకు ఎరువు పూర్తిగా ఆపించాను. కుండీ పట్టే పరిమాణానికి రెండు మూడింతల నీళ్లు నెమ్మదిగా పోసి, అడుగు రంధ్రం నుంచి ధారాళంగా కారనిచ్చి, పేరుకున్న లవణాలను కడిగించాను. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి వారానికోసారి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయమన్నాను. బత్తాయి తోటల్లో మన రైతులు ఎప్పటి నుంచో చేస్తున్న పనే ఇది. కొత్త చిగుళ్లు పచ్చగా వచ్చాయి. పాత ఆకులు మాత్రం అలాగే ఉండి రాలిపోయాయి. ముదిరిపోయిన ఆకు మళ్లీ పచ్చబడలేదని కంగారుపడి మందు మీద మందు మార్చకండి. కొత్త చిగురు వైపే చూడండి.

పిచికారీ తాత్కాలికం. మట్టిలో వేసేందుకు చీలేటెడ్ ఇనుము (ఇనుము గడ్డకట్టకుండా మరో పదార్థం పట్టి ఉంచే రకం) కొంటే డబ్బా మీద పేరు చదవండి. ఈడీటీఏ రకం పీహెచ్ 6.5 దాటాక ఇనుమును పట్టి ఉంచలేదు. మన కుండీల్లో పనిచేసేది ఈడీడీహెచ్ఏ రకం, ధర ఎక్కువే. చౌకగా దొరికిందని మొదటిది తెచ్చుకుని, "ఐరన్ కూడా వేశాం, లాభం లేదు" అని వాపోయేవాళ్లు చాలామంది. అసలు పరిష్కారం మాత్రం నీళ్లు మార్చడమే. వానాకాలంలో పైకప్పు నీళ్లు డ్రమ్ముల్లో పట్టుకోండి. వేసవిలో ఏసీ పైపు నుంచి కారే నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు, వాటిని బోరు నీళ్లలో సగానికి సగం కలపండి. మిషన్ భగీరథ కింద వచ్చే కృష్ణా నీళ్లు ఉంటే మొక్కలకూ ఒక బకెట్ పక్కన పెట్టండి.

అపోహ: ఆర్‌ఓ నుంచి వృథాగా పోయే నీళ్లు మొక్కలకు మంచివి.

నీళ్లు పారబోయకూడదన్న మీ మనసు మంచిదే. కానీ మూడు లీటర్లు లోపలికి వెళ్లి, ఒక లీటరు తాగే నీరుగా వచ్చి, రెండు లీటర్లు బయటకు పోతే, ఆ మూడు లీటర్లలోని లవణాలన్నీ దాదాపుగా ఈ రెండు లీటర్లలోనే ఉంటాయి. అంటే ముందే బరువుగా ఉన్న బోరు నీటికి ఒకటిన్నర రెట్లు చిక్కదనం. ఆ నీళ్లతో నేల కడగండి, బాత్రూముకు వాడండి. కుండీలకు వద్దు.

మహబూబ్‌నగర్ నుంచి ఒకామె ఫోన్ చేశారు, గొంతులో ఏడుపు వినిపిస్తోంది. కోటలో తులసి ఎండిపోయింది, ఇంటికి ఏదో కీడు జరగబోతోందని పక్కింటివాళ్లు అన్నారట. అంతకుముందు పెట్టిన మొక్క కూడా అలాగే పోయిందట. నిద్ర పట్టడం లేదన్నారు. "అమ్మా, ముందు కోట అడుగున రంధ్రం ఉందో లేదో చూసి చెప్పండి" అన్నాను. ఉంది, కానీ సిమెంటు పెచ్చు అడ్డుపడి మూసుకుపోయింది. కోట కొత్తగా కట్టించింది, సిమెంటులోని సున్నం మట్టిలోకి దిగుతుంది. పోసేవి ఆర్‌ఓ వృథా నీళ్లు, అవీ పూజ కోసం రోజూ తప్పకుండా, మట్టి తడిగా ఉన్నా సరే. ఇన్ని కలిశాక ఏ తులసీ నిలవదు. రంధ్రం తెరిపించి, మట్టి మార్చి, పూజకు ఒక చిన్న ఉద్ధరిణెడు నీళ్లు చాలునని, మిగతాది మట్టి పైపొర ఆరాకే పోయమని చెప్పాను. తులసి ఎలాగూ రెండు మూడేళ్లకు ముదిరి కట్టెబారుతుంది. కంకులు తుంచుతూ ఉంటే ఇంకొంత కాలం పచ్చగా ఉంటుంది. మొక్క ఎండిపోయిందన్న బాధలో ఉన్న మనిషికి కీడు అని చెప్పి భయపెట్టడం నాకు అసలు సహించదు.

అపోహ: మన నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది, ఏ మొక్కా బతకదు.

మందారం, మల్లె, కరివేపాకు, గులాబీ వంటివి ఆ నీళ్లతోనే పెరుగుతున్నాయి. ఫ్లోరైడ్‌కు త్వరగా దెబ్బతినేవి కొన్ని ఇంటి లోపలి మొక్కలు: డ్రసీనా, స్పైడర్ ప్లాంట్, కార్డిలైన్, పీస్ లిలీ. వాటి ఆకుల కొసలు గోధుమ రంగుకు తిరిగి ఎండుతాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. మట్టి ఆమ్లంగా ఉంటే ఫ్లోరైడ్ మొక్కకు ఇంకా ఎక్కువగా అందుతుంది. అంటే మందారానికి మంచిదని పీహెచ్ తగ్గించే మందు డ్రసీనాకు కూడా పోస్తే దాని కొసలు మరింత మాడుతాయి. సూపర్ ఫాస్ఫేట్‌లో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది, ఈ మొక్కలకు అది వేయవద్దు. వాన నీళ్లు, ఏసీ నీళ్లు ఉంటే ముందు వీటికే కేటాయించండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

వెనిగర్, నిమ్మరసం, పుల్లటి మజ్జిగ పీహెచ్‌ను శాశ్వతంగా తగ్గించవు. ఆ ఆమ్లాలను మట్టిలోని సూక్ష్మజీవులు కొద్ది రోజుల్లోనే తినేస్తాయి, బైకార్బొనేట్ మళ్లీ తయారవుతుంది. కరివేపాకుకు అప్పుడప్పుడూ పల్చటి మజ్జిగ పోస్తే నష్టం లేదు, అంతకు మించి ఆశించవద్దు. గుడ్డు పెంకులు అంటే కాల్షియం కార్బొనేట్, మన నీళ్లలో కాల్షియం ఇప్పటికే ఎక్కువ. కట్టెల బూడిద పీహెచ్‌ను ఇంకా పెంచుతుంది, బోరు నీళ్లు పోసే కుండీలో చిటికెడు కూడా వద్దు. ఎప్సమ్ సాల్ట్ మెగ్నీషియం లోపానికే మందు, మిగతా అన్నిటికీ అదొక అదనపు లవణం. కాచిన కాఫీ పిప్పిలో ఆమ్లం చాలా వరకు కప్పులోకే పోయి ఉంటుంది, అది పీహెచ్ తగ్గిస్తుందని ఆశించవద్దు. కుండీ అడుగున గులకరాళ్లు పోస్తే నీరు త్వరగా దిగదు, రాళ్ల పైనున్న మట్టిలోనే నిలుస్తుంది, రంధ్రం మీద ఒక పెంకు ముక్క చాలు. మట్టిలో గుచ్చే మూడు పనుల (తేమ, వెలుతురు, పీహెచ్) మీటరు చూపే పీహెచ్ అంకెను నమ్మి ఏ మందూ వేయకండి. తేమ చూడటానికి వేలు రెండు అంగుళాలు లోపలికి గుచ్చితే సరిపోతుంది.

మట్టిలో సున్నం పేరుకుందో లేదో చూడాలంటే ఎండిన మట్టి చెంచాడు తీసి దాని మీద కొద్దిగా వెనిగర్ వేయండి. బుసబుసమని నురగ వస్తే సున్నం ఉన్నట్టే. అలాంటి మట్టిలో గంధకం వేసి పీహెచ్ తగ్గించాలని చూడటం డబ్బు దండగ. సున్నమంతా అయిపోయేదాకా పీహెచ్ దిగదు. కుండీ మట్టి మార్చడమే తేలిక.

మొక్కను చూపించడానికి వచ్చేటప్పుడు ఆకు ఒక్కటే తేకండి. వీలైతే కుండీతో సహా తెండి. లేకపోతే మొత్తం మొక్క, కొత్త చిగురు, కుండీ అంచు, అడుగు రంధ్రం విడివిడిగా ఫోటోలు తీయండి. మీరు పోసే నీళ్లు ఒక సీసాలో పట్టుకురండి. గత రెండు నెలల్లో ఆ కుండీలో ఏమేం వేశారో దాచకుండా చెప్పండి. ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు.