కడుపులో యాసిడ్‌ని తట్టుకునే బుల్లి ప్రోటీన్

ప్రియమైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. కంప్యూటర్‌లో ప్రోటీన్‌ని ఎలా కదిలిస్తారని అడిగారు కదా. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని, ఒక బుల్లి ప్రోటీన్‌ని ఉదాహరణగా తీసుకుని రాస్తున్నాను.

పాలలో నిమ్మరసం పిండితే విరిగిపోతాయి. అలా ముద్దకట్టేది పాలలోని ప్రోటీనే. మనం తాగే నీళ్లతో పాటు లోపలికి వెళ్లిన ఈ-కోలై బ్యాక్టీరియాకి జీర్ణాశయంలో అలాంటి గండమే ఎదురవుతుంది. అక్కడ పీహెచ్ 2 దగ్గర ఉంటుంది (పీహెచ్ అంటే ఆమ్లత్వానికి కొలత, అది ఎంత తగ్గితే యాసిడ్ అంత ఘాటు). ఈ-కోలైకి రెండు పొరలు. పై పొరలో సన్నటి రంధ్రాలుంటాయి కాబట్టి యాసిడ్ ఇట్టే దిగిపోయి, పొరల మధ్య ఉన్న ప్రోటీన్ల మీద పడుతుంది. లోపలి పొర దాటాక అయితే పాడైన ప్రోటీన్లను బాగుచేసే యంత్రాంగం ఉంది, కానీ దానికి ఏటీపీ కావాలి, అంటే కణానికి శక్తినిచ్చే అణువు. పొరల మధ్య ఏటీపీ ఉండదు. (1929లో ఈ ఏటీపీని జర్మనీలో లోమన్ కనిపెట్టాడు. అదే ఏడాది అమెరికాలో ఫిస్కేతో కలిసి విడిగా కనిపెట్టింది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన కథకి ఇంకో ఉత్తరం కావాలి.)

పొరల మధ్య కాపలా కాసేది హెచ్‌డీఈఏ (HdeA) అనే ప్రోటీన్. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాలనే పూసలు గుచ్చిన దండ అనుకోండి, ఇందులో ఉన్నవి 89 పూసలే. మామూలప్పుడు రెండేసి అణువులు జతకట్టి, నీళ్లంటే పడని భాగాన్ని మధ్యలో దాచుకుని ఊరికే ఉంటాయి. పీహెచ్ 3 కంటే తగ్గిందంటే జత విడిపోతుంది, ఒక్కోటీ కొంత విప్పుకుంటుంది. దాచుకున్న భాగం బయటపడి, పాడవుతున్న ఇతర ప్రోటీన్లను అంటిపెట్టుకుని ముద్దకట్టనివ్వదు. చాలా ప్రోటీన్లు విప్పుకుంటే పనికి రాకుండా పోతాయి, ఇది విప్పుకుంటేనే పనిలోకి దిగుతుంది! నాకు బాగా నచ్చింది ఇదే.

ఇక కంప్యూటర్ సంగతి. ఈ ప్రోటీన్ స్ఫటికాల మీద ఎక్స్-కిరణాలు వేసి, ఏ పరమాణువు ఎక్కడుందో ముందే కొలిచి పెట్టారు. ఆ ప్రోటీన్‌ని కంప్యూటర్‌లో నీటి అణువుల మధ్య ఉంచి, ప్రతి పరమాణువు మీద ఎంత బలం పడుతోందో లెక్కగట్టి, దాన్ని కాస్త జరుపుతారు. మళ్లీ లెక్క, మళ్లీ జరపడం. ఒక్కో అడుగుకి దాదాపు 2 ఫెమ్టోసెకన్లు (పికోసెకనులో వెయ్యో వంతు ఒక ఫెమ్టోసెకను, పికోసెకను సంగతి కింద చెబుతాను). సెకనుని పది లక్షల ముక్కలు చేసి అందులో ఒక్క ముక్క చూడాలంటే 50 కోట్ల అడుగులు వేయాలి. 1977లో తొలిసారి ఒక ప్రోటీన్‌ని ఇలా కదిలించినప్పుడు చూడగలిగింది 9.2 పికోసెకన్లే, అంటే సెకనుని లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందులో తొమ్మిది ముక్కల పైచిలుకు. ఆ పని చేసిన ముగ్గురిలో ఒకరైన మార్టిన్ కార్‌ప్లస్‌కి 2013లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది.

హెచ్‌డీఈఏతో ఒక చిక్కుంది. యాసిడ్‌లో ఆస్పార్టిక్, గ్లుటామిక్ ఆమ్లాలనే అమైనో ఆమ్లాల మీదకి ప్రోటాన్లు (ధనావేశమున్న హైడ్రోజన్ కణాలు) ఎక్కి, వాటి రుణావేశం పోతుంది. వేరే అమైనో ఆమ్లాల మీది ధనావేశం మాత్రం మిగిలిపోవడంతో జతలోని రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. మామూలు పద్ధతిలో ప్రోటాన్ ఎక్కడ ఉందో, ఎక్కడ లేదో మొదట్లో మనమే రాసేస్తాం, చివరిదాకా అది మారదు. మనం తెలుసుకోవాలనుకున్న జవాబుని మన చేత్తోనే రాసిపెట్టి, కంప్యూటర్ చెప్పిందనుకోవడం ఏం న్యాయం? అందుకే పీహెచ్‌ని స్థిరంగా ఉంచి, ప్రోటాన్లు వాటంతట అవే ఎక్కి దిగే పద్ధతి వచ్చింది. 2011లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ బ్రూక్స్ బృందం ఈ జత విడిపోవడాన్ని లెక్కలతో పరిశీలించింది.

అంతకు ముందు ఏడాది అక్కడే జేమ్స్ బార్డ్‌వెల్ బృందం ప్రయోగశాలలో ఇంకో సంగతి చూసింది. యాసిడ్ తగ్గాక హెచ్‌డీఈఏ తాను పట్టుకున్న వాటిని ఒక్కసారిగా వదిలేయదు, నెమ్మదిగా వదులుతుంది. అన్నీ ఒకేసారి బయటపడితే మళ్లీ ముద్దకట్టేస్తాయి మరి. ఇంత నింపాదిగా జరిగే పనిని ఫెమ్టోసెకన్ల అడుగులతో మొదటినుంచి చివరిదాకా నడిచి చూడలేం. అక్కడ గాజు గొట్టాలే దిక్కు.

ప్రోటీన్ల ఆకారాలు దాచిపెట్టే ప్రోటీన్ డేటా బ్యాంక్ అనే వెబ్‌సైట్‌లో హెచ్‌డీఈఏ బొమ్మ ఉచితంగానే దొరుకుతుంది. తెరిచి తిప్పి చూడండి, రెండూ అతుక్కున్న చోట ఏ అమైనో ఆమ్లాలున్నాయో రాసి పంపండి.

ఇట్లు,
మీ తాతయ్య