మీ వీధి మూలన ఉన్న ర్యాంపు

చిన్నూ, బుజ్జీ,

తాతయ్య ఆశీస్సులు. మొన్న వీడియో కాల్‌లో చిన్నూ ఒక ప్రశ్న వేశాడు. "అమెరికాలో రూల్సన్నీ ప్రెసిడెంటే పెడతాడా తాతయ్యా?" అని. కాదురా అనేలోపే ఇక్కడ కరెంటు పోయింది. అందుకే ఈ ఉత్తరం. అమ్మ చదివి వినిపిస్తుంది. బుజ్జీ, మధ్యలో లేచి వెళ్లిపోకు.

పోయిన వేసవిలో మీ ఇంటికి వచ్చినప్పుడు రోజూ బుజ్జిని స్ట్రోలర్‌లో కూర్చోబెట్టి లైబ్రరీ దాకా తోసుకెళ్లేవాణ్ణి కదా. ప్రతి మూలలోనూ సైడ్‌వాక్ అంచు నున్నగా రోడ్డులోకి వాలి ఉండేది. బండి ఎత్తాల్సిన పనే పడేది కాదు, ఒక్కచోట తప్ప. ఆ ఒక్కచోటు సంగతి చివర్లో చెప్తాను. ఆ వాలు నీ స్ట్రోలర్ కోసం పెట్టింది కాదు బుజ్జీ, చక్రాల కుర్చీల కోసం పెట్టింది. అదెలా వచ్చిందో చెప్తే చిన్నూ ప్రశ్నకి జవాబు దొరుకుతుంది.

న్యూయార్క్‌లో జూడీ హ్యూమన్ అని ఒకావిడ ఉండేది. చిన్నప్పుడే పోలియో వచ్చి చక్రాల కుర్చీకి పరిమితమైంది. టీచరు కావాలని పరీక్షలు రాసి పాసైంది. డాక్టరు పరీక్ష దగ్గర ఆపేశారు. నిప్పంటుకుంటే నువ్వే బయటికి రాలేవు, పిల్లల్ని ఏం తెస్తావు అన్నారు. 1970లో ఆవిడ కోర్టుకెక్కింది. టీచరు లైసెన్సు ఇచ్చారు.

ఒక్కరికి కోర్టులో న్యాయం జరిగింది సరే, దేశంలో మిగతావాళ్ల మాటేమిటి? దానికి చట్టం కావాలి. చట్టం చేసేది కాంగ్రెస్. అందులో రెండు సభలు. హౌస్‌లో 435 మంది, జనాభాని బట్టి. సెనేట్‌లో 100 మంది, రాష్ట్రానికి ఇద్దరేసి. నాలుగు కోట్లకు దగ్గరగా జనం ఉన్న కాలిఫోర్నియాకూ ఇద్దరే, ఆరు లక్షలు కూడా లేని వయోమింగ్‌కూ ఇద్దరే. ఈ లెక్క నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మీ నాన్న మాత్రం చిన్న రాష్ట్రాల్ని పెద్దవి మింగేయకుండా అంటాడు. ఆయనతో వాదించుకోండి.

రెండు సభలూ ఒకే బిల్లుని ఒప్పుకుంటే అది ప్రెసిడెంట్ బల్ల మీదికి వెళుతుంది. ఆయనకి నచ్చకపోతే తిప్పి పంపొచ్చు. దాన్నే వీటో అంటారు. వికలాంగులకు సాయం చేసే బిల్లుని అప్పటి ప్రెసిడెంట్ నిక్సన్ 1972లో ఒకసారి, 1973 మార్చిలో ఇంకోసారి ఆపాడు. ఖర్చెక్కువ అన్నాడు. వీటోని కొట్టేయాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల ఓట్లు పడాలి. సెనేట్‌లోనే చాలలేదు. చివరికి ఖర్చు తగ్గించి మళ్లీ రాశారు. 1973 సెప్టెంబర్ 26న సంతకం పెట్టాడు. చూశావా చిన్నూ, ప్రెసిడెంట్ ఆపగలడు, బేరమాడగలడు. ఒక్కడే చట్టం చేయలేడు.

ఆ చట్టం చివర్లో 504 అనే సెక్షన్ ఉంది. ప్రభుత్వ డబ్బు తీసుకునేవాళ్లు ఎవరూ వైకల్యం ఉందని మనిషిని దూరం పెట్టకూడదని చెప్పే ఒకే ఒక్క వాక్యం.

ఇక్కడినుంచి నాకు బాగా తెలిసిన కథ. ముప్పయ్యేళ్లు ఫైళ్లు మోసిన గుమస్తాని కదా. చట్టం వచ్చేస్తే పని అయిపోయిందని బయటివాళ్లు అనుకుంటారు. మాకు తెలుసు, రూల్స్ రాకపోతే చట్టం బీరువాలో పడుకుంటుంది. దూరం పెట్టకూడదంటే ఏమిటి? మెట్లున్న స్కూలు ఏం చేయాలి? ఎన్నాళ్లలో చేయాలి? ఇవన్నీ సంబంధిత శాఖ రాయాలి. నిక్సన్ దిగిపోయాడు, ప్రెసిడెంట్‌గా ఫోర్డ్ వచ్చి వెళ్లాడు, కార్టర్ వచ్చాడు. రూల్స్ మాత్రం బయటికి రాలేదు.

1977 ఏప్రిల్ 5న వికలాంగులు చాలా ఊళ్లలో ఆ శాఖ ఆఫీసుల్లోకి వెళ్లి కూర్చున్నారు. మిగతాచోట్ల త్వరగానే ముగిసింది గానీ శాన్ ఫ్రాన్సిస్కోలో వందమందికి పైగా కదల్లేదు. అక్కడ జూడీ కూడా ఉంది. మందులు, మంచాలు, మనిషి సాయం లేకపోతే రాత్రి గడవనివాళ్లు నేల మీద పడుకున్నారు. టెలిఫోన్ లైన్లు కట్ చేస్తే, చెవిటివాళ్లు కిటికీల్లోంచి చేతి సైగలతో బయటివాళ్లకి కబురు చెప్పారు. నల్లజాతివాళ్ల హక్కుల కోసం పోరాడే బ్లాక్ పాంథర్స్ అనే సంఘంవాళ్లు వేడివేడి అన్నాలు తెచ్చిపెట్టారు. మూడు వారాలు దాటాక, ఏప్రిల్ 28న, ఆ శాఖ సెక్రటరీ జోసెఫ్ కాలిఫానో రూల్స్ మీద సంతకం పెట్టాడు. ఒక్క వాక్యం అమలుకి నాలుగేళ్లకు దగ్గర పట్టింది!

అయితే అది ప్రభుత్వ డబ్బు ముట్టినవాళ్లకే. హోటలు, సినిమా హాలు, షాపు వీటికి వర్తించదు. వాటికోసం ఇంకో బిల్లు వచ్చి నలుగుతుంటే, 1990 మార్చి 12న కొన్ని పదుల మంది చక్రాల కుర్చీలు, కర్రలు కింద వదిలేసి, కాంగ్రెస్ కూర్చునే కాపిటల్ భవనం మెట్లు పాకుతూ ఎక్కారు. వాళ్లలో జెన్నిఫర్ కీలన్ అనే ఎనిమిదేళ్ల పాప ఉంది. నీ వయసే చిన్నూ. ఆ జులై 26న అప్పటి ప్రెసిడెంట్ పెద్ద బుష్ ఆ బిల్లు మీద సంతకం పెట్టాడు. దాన్నే ఏడీఏ, అంటే అమెరికన్స్ విత్ డిజెబిలిటీస్ యాక్ట్ అంటారు.

తర్వాత కోర్టులు. సుప్రీంకోర్టు కొన్ని తీర్పుల్లో ఆ చట్టాన్ని మరీ ఇరుకుగా చదివితే, కాంగ్రెస్ 2008లో సవరించి వెడల్పు చేసింది. అదే కోర్టు 2004లో మాత్రం జార్జ్ లేన్ అనే ఆయన పక్షాన నిలిచింది. టెనెసీలో ఆయన కేసు రెండో అంతస్తులో, లిఫ్ట్ లేదు. మొదటిసారి పాక్కుంటూ వెళ్లాడు. రెండోసారి పాకనన్నాడు. హాజరు కాలేదని అరెస్టు చేశారు! 5-4 ఓట్లతో గట్టెక్కాడు. ఒక్క జడ్జి అటు మొగ్గితే ఏమయ్యేదో.

ఇంతా చేసి మీ వీధి మూల ర్యాంపుకి సిమెంటు పోసేది వాషింగ్టన్ వాళ్లు కాదు, మీ ఊరివాళ్లు. ఎలా ఉండాలో పైనుంచి చెప్తారు, పని కింద జరుగుతుంది. అందుకే ఆ ఒక్కచోటు. లైబ్రరీ పక్క మూలలో ర్యాంపు పగిలి పెచ్చులు లేచింది. అక్కడ స్ట్రోలర్ చక్రం ఇరుక్కుని బుజ్జి బిస్కెట్ కింద పడింది, గుక్కపట్టి ఏడ్చింది. నేనైతే ఎత్తి దాటించాను. కుర్చీలో వచ్చేవాళ్లని ఎవరు ఎత్తుతారు?

మీ ఊరి కౌన్సిల్ మీటింగులో మామూలు జనం కూడా లేచి రెండు మూడు నిమిషాలు మాట్లాడొచ్చట, అమ్మ చెప్పింది. ఈ శనివారం లైబ్రరీకి వెళ్లినప్పుడు ఆ మూల బాగయిందో లేదో చూడండి. బాగవకపోతే ఫొటో తీసి నాకు పంపండి. ఏం మాట్లాడాలో చిన్నూ ముందు తెలుగులో రాయి, నేను దిద్దుతాను. ఇంగ్లీషులోకి నువ్వే మార్చుకో.

మీ తాతయ్య,
తెనాలి