అపోహలు – వాస్తవాలు: ఇప్పటి హిట్ పాటలు నిజంగానే నాసిరకమా?

దక్షిణ ఒడిశాలోని రాయగడలో చిన్న రికార్డింగ్ స్టూడియో నడుపుతూ, గుణుపురం నుంచి పర్లాకిమిడి వరకు పెళ్లిళ్లలోనూ జాతరల్లోనూ మెలోడీ (పాటల ఆర్కెస్ట్రా) కార్యక్రమాలకు కీబోర్డు వాయించడం నా వృత్తి. మా వైపు ఒకే వేదిక మీద తెలుగు, ఒడియా, హిందీ పాటలు మూడూ వినిపించాలి కాబట్టి, ఏ పాటను జనం ఏళ్ల తరబడి అడుగుతున్నారో, ఏ పాట ఒక పెళ్లిళ్ల సీజను దాటగానే జాబితా నుంచి జారిపోతున్నదో దగ్గర నుంచి చూసే వీలు మాకు ఉంటుంది. కార్యక్రమం అయ్యాక పెద్దలు వచ్చి "మాస్టారూ, ఇప్పటి పాటల్లో ఏముందండీ" అంటారు; కుర్రవాళ్లు ఫోను తీసి, పాటకు వచ్చిన కోట్ల వ్యూస్ చూపించి, ఇంతమంది వింటున్నది బాగులేకపోవడం ఎలా సాధ్యమని అడుగుతారు. ఈ రెండు వాదాలలోనూ కొంత నిజముంది, కానీ అపోహలే ఎక్కువ.

అపోహ: పాత రోజుల్లో పాటలన్నీ బాగుండేవి.

వాస్తవం: 1950లు, 60లలో ఒక తెలుగు సినిమాకు ఎనిమిది పది పాటలు ఉండడం మామూలు విషయం. ఆ లెక్కన ఏటా వందల పాటలు తయారయ్యాయి. ఇప్పుడు కచేరీలలో ఘంటసాల పాటలు కావాలని అడిగేవారు తిప్పి తిప్పి అడిగేవి వాటిలో ఏ కొద్దిపాటివో మాత్రమే. ఆనాడు సినిమా హాళ్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు తిరగేస్తే, ఎవరికీ వరుస (ట్యూను) గుర్తులేని పాటలు, ఒకే మూసలో రాసిన యుగళగీతాలు, మరొక భాష వరుసకు తెలుగు మాటలు అతికించినవి పేజీల కొద్దీ కనిపిస్తాయి. మనం పాత కాలపు ఉత్తమమైన పాటలను తెచ్చి, ఈ వారం వచ్చిన మంచీ చెడూ కలిసిన మొత్తం పాటల పక్కన నిలబెడుతున్నాం. అది సరైన పోలిక కాదు.

దీనికి తోడు, కౌమారం నుంచి తొలి యౌవనం వరకు తెలిసిన విషయాలు జ్ఞాపకంలో మిగతా వయసు కంటే గాఢంగా నిలుస్తాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. మా కార్యక్రమాల్లో అది స్పష్టంగా కనిపిస్తుంది. అరవై దాటినవారికి స్వర్ణయుగం 70ల దగ్గర ఉంటే, నలభైలలో ఉన్నవారికి అది 90ల చివర ఉంటుంది, ఆ 90ల పాటల్ని అప్పటి పెద్దలు కీబోర్డు మోత అని కొట్టిపారేశారు.

అపోహ: చార్టులో మొదటి స్థానంలో ఉన్న పాటే ఎక్కువమందికి నచ్చిన పాట.

వాస్తవం: చార్టు, అంటే ఆదరణను బట్టి పాటలకు స్థానాలిచ్చే జాబితా, ఇష్టాన్ని కొలవదు. ఆ కాలానికి లెక్కపెట్టడానికి వీలైన దాన్ని కొలుస్తుంది, ఆ లెక్క పద్ధతి మారినప్పుడల్లా సంగీతమే మారిపోయినట్టు కనిపిస్తుంది. అమెరికాలో బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితా 1958 ఆగస్టు 4న మొదలైంది. మొదటి మూడు దశాబ్దాలకు పైగా రికార్డుల దుకాణాలవారు, రేడియో స్టేషన్లవారు తమంతట తాము చెప్పిన వివరాల మీదే అది నడిచింది. 1991లో దుకాణం కౌంటరు దగ్గర బార్‌కోడ్ ద్వారా నమోదైన అమ్మకాలను, రేడియోలో వాస్తవంగా ప్రసారమైన పాటలను యంత్రాలతో లెక్కించడం మొదలుపెట్టేసరికి, అంతవరకు కింద ఉండిపోయిన ర్యాప్, కంట్రీ (అమెరికా పల్లె బాణీ) సంగీతాలు ఒక్కసారిగా పైకి లేచాయి. జనం అభిరుచి ఆ ఒక్క ఏడాదిలో తలకిందులు కాలేదు. అంతకుముందు దుకాణదారు నోటితో చెప్పని అమ్మకాలు ఆ ఏడాది కాగితం మీదికి వచ్చాయి. తరువాత 2005లో డౌన్‌లోడ్లు, 2012లో శ్రోతలు ఇంటర్నెట్‌లో కోరి పెట్టుకుని వినే స్ట్రీమింగ్, 2013లో యూట్యూబ్ వీక్షణలు ఆ లెక్కలో చేరాయి.

స్ట్రీమింగ్ చేరికతో వచ్చిన మార్పు చాలా లోతైనది, దాని గురించి మాట్లాడేవారు మాత్రం తక్కువ. క్యాసెట్టు కొన్నవాడు దాన్ని ఒకసారి విని అటక మీద పెట్టినా, అరిగిపోయేదాకా విన్నా, చార్టుకు అది ఒకే అమ్మకం. ఇప్పుడు అదే మనిషి వంట చేస్తూ, ఆటో నడుపుతూ మళ్లీ మళ్లీ పెట్టుకున్న ప్రతిసారీ అది లెక్కకు చేరుతుంది. అందుచేత, చెవికి అడ్డం రాకుండా, ధ్యాస కోరకుండా, ఎన్నిసార్లు తిరిగినా విసుగు పుట్టించకుండా ఉండే పాటకు చార్టులో అదనపు బలం దొరుకుతుంది. నిలబడి వినమని అడిగే పాటకు ఆ బలం ఉండదు.

మన దేశంలో 1952లో రేడియో సిలోన్ నుంచి అమీన్ సయానీ గొంతుతో మొదలైన బినాకా గీత్‌మాలా హిందీ పాటలకు చార్టు పని చేసింది. తెలుగుకు అంత పేరున్న వారపు జాబితా చాలాకాలం లేదు. సినిమా ఎన్ని రోజులు ఆడింది, క్యాసెట్ల దుకాణంవాడు ఏ పాట మైకులో పెడుతున్నాడు అన్నవే మనకు కొలతలు. ఇప్పుడు కుర్రవాళ్లు చూపించే వ్యూస్ విషయానికొస్తే, ప్రకటనగా డబ్బు చెల్లించి వేయించిన వీక్షణలు కూడా ఒకప్పుడు ఇరవై నాలుగు గంటల రికార్డులలో కలిసేవి. 2019 సెప్టెంబరులో యూట్యూబ్ తన మ్యూజిక్ చార్టుల నుంచి, ఆ రికార్డుల లెక్క నుంచి వాటిని తీసివేసింది. అయితే వీడియో కింద కనబడే మొత్తం సంఖ్య వేరు, చార్టు లెక్క వేరు. ఆ సంఖ్యను చూసి పాట విలువను నిర్ణయించకండి.

అపోహ: సంగీతం దిగజారిందని శాస్త్రవేత్తలు కూడా నిరూపించారు.

వాస్తవం: వాళ్లు నిరూపించినది అంతకంటే ఆసక్తికరమైనది. 2012లో స్పెయిన్ పరిశోధకులు 1955 నుంచి 2010 వరకు వచ్చిన నాలుగున్నర లక్షలకు పైగా రికార్డింగులను పరిశీలించి, స్వరాల నడకలలో వైవిధ్యం తగ్గిందని, వాయిద్య ధ్వనులు ఒకదానికొకటి దగ్గరవుతున్నాయని, శబ్ద తీవ్రత పెరిగిందని చెప్పారు. 2015లో లండన్ పరిశోధకులు హాట్ 100లో 1960 నుంచి 2010 వరకు నిలిచిన దాదాపు 17,000 పాటలను తీసుకుని, 1964, 1983, 1991 ప్రాంతాల్లో మూడు పెద్ద మార్పులు వచ్చాయని, 80ల మధ్యలో తగ్గిన వైవిధ్యం మళ్లీ కోలుకుందని, పాటలు క్రమంగా ఒకే పోతగా మారిపోతున్నాయన్న మాటకు ఆధారం లేదని తేల్చారు. ఈ రెండూ ఎదురెదురుగా నిలిచే ఫలితాలు. రెండో అధ్యయనంలో ఒక్కో పాట నుంచి తీసుకున్నది ముప్పై సెకన్ల ముక్క మాత్రమే కనుక, పల్లవి నుంచి చరణానికి పాట ఎలా ఎదిగింది అన్నది ఆ కొలతకు అందదు. పైగా ఆ 1991 మార్పులో కొంత భాగం, పైన చెప్పిన లెక్క పద్ధతి మార్పు వల్ల కనిపించి ఉండవచ్చని నా అభిప్రాయం.

2024లో వచ్చిన మరో అధ్యయనం నా వృత్తికి మరింత దగ్గరైనది. 1950 నుంచి ఏటేటా అమెరికా చార్టుల అగ్రభాగంలో నిలిచిన పాటల వరుసలను మాత్రమే విడదీసి చూసినప్పుడు, లయలోనూ స్వరాల అల్లికలోనూ సంక్లిష్టత తగ్గుతూ వచ్చిందని, 1975, 2000 ప్రాంతాల్లో ఆ తగ్గుదల పెద్ద మెట్లుగా కనిపించిందని, అదే సమయంలో సెకనుకు పలికే స్వరాల సంఖ్య పెరిగిందని అందులో తేలింది. వరుస సాదా అయినంత మాత్రాన పాట మొత్తం సాదా అయిందని వాళ్లు అనలేదు.

ఇవన్నీ అమెరికా పాటల లెక్కలు. మన పాటలకు వాటిని నేరుగా అన్వయించలేం. అయినా వరుస విషయంలో నా చేతికి తెలిసినది వాటికి దూరంగా లేదు. హార్మోనియం మీద పాత పాట నేర్పేటప్పుడు పల్లవి ఒక స్థాయిలో, చరణం పై స్థాయిలో మొదలై, మళ్లీ పల్లవికి దిగివచ్చే దారి ఒకటి ఉంటుంది; రెండు చరణాలకు రెండు వేర్వేరు బీజీఎంలు ఉంటాయి. ఇప్పటి పాటల్లో చాలావాటికి ఒక్క చరణమే ఉంటుంది, వరుస నాలుగైదు స్వరాల మధ్య తిరుగుతుంది, వేదిక మీద పాటకు నిడివి సరిపోక పల్లవినే మరోసారి పాడవలసి వస్తుంది. దీనికి కారణం సంగీత దర్శకులకు చేతకాకపోవడం కాదు. ఒకప్పుడు హార్మోనియం ముందు కూర్చుని వరుస కట్టి, తరువాత దానికి వాయిద్యాలు రాసేవారు. ఇప్పుడు ఎక్కువమంది కంప్యూటరులో నాలుగు కార్డులు (కలిపి ఒకేసారి మోగించే స్వరాల గుంపులు), ఎనిమిది బార్ల లూప్ (అదే పనిగా తిరిగే ముక్క) ముందు వేసి, దాని మీద వరుస వెతుకుతారు. లూప్ మారదు కాబట్టి వరుస కూడా దూరం వెళ్లడానికి జంకుతుంది. అలాగని నాలుగు కార్డులే నేరం కాదు. ఐదు స్వరాల మోహన రాగంలో ఎన్ని గొప్ప పాటలు రాలేదు?

పెరిగినదాన్ని కూడా అంతే నిజాయితీగా చెప్పాలి. తాళవాద్యాల పొరలు, బేస్ నాణ్యత, గొంతు చుట్టూ ఉండే ధ్వని వాతావరణం ఇప్పుడు ఎంతో చిక్కబడ్డాయి. 2023 మార్చిలో ఉత్తమ గీతంగా ఆస్కార్ అందుకున్న కీరవాణి, చంద్రబోస్‌ల పాట, ఊరి డప్పుకు దగ్గరైన ఆరు దెబ్బల నడకలో సాగుతుంది. దాన్ని వేదిక మీద తడబడకుండా వాయించడానికి మా రిథమ్ ప్యాడ్ కుర్రవాళ్లు ఎంత సాధన చేశారో నాకు తెలుసు. నేటి పాటకు లయ రాదనేవారు ఒక్కసారి ఆ సాధన చూడాలి.

అపోహ: ఆటో ట్యూన్ ఉంటే ఎవరైనా పాడేయవచ్చు.

వాస్తవం: చమురు నిక్షేపాల అన్వేషణకు భూకంప తరంగాలను విశ్లేషించిన ఆండీ హిల్డెబ్రాండ్ రూపొందించిన ఈ సాఫ్ట్‌వేర్ 1997లో వచ్చింది, మరుసటి ఏడాది గాయని షేర్ పాటతో లోకమంతటికీ తెలిసింది. అది చేసే పని ఒక్కటే: పలికిన స్వరాన్ని మనం ఎంచుకున్న స్కేలులో దగ్గరి స్వరానికి జరుపుతుంది. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, మాట ఎక్కడ విరవాలో, ఏ అక్షరం మీద బరువు వేయాలో దానికి తెలియదు. మా వైపు ఒడియా మాధ్యమంలో చదివిన తెలుగు పిల్లలు చాలామంది తెలుగు పాటను నోటుబుక్కులో ఒడియా అక్షరాలతో రాసుకుని పాడతారు. ఆ లిపిలో హ్రస్వమైన ఎ, ఒ లకు వేరే గుర్తులు లేవు. అందువల్ల పొలం పోలమవుతుంది, చెలి చేలి అవుతుంది, దానితో తాళంలో మాట కూర్చునే చోటు కూడా జరిగిపోతుంది. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ దిద్దదు, పక్కన కూర్చుని నేర్పవలసిందే.

అసలు నష్టం వేరేచోట ఉంది. స్వరాన్ని ఎంత త్వరగా జరపాలో చెప్పే రీట్యూన్ స్పీడ్‌ను బాగా వేగంగా పెట్టినప్పుడు, రెండు స్వరాల మధ్య ఊగవలసిన గమకాన్ని అది మెట్లు మెట్లుగా నరికేస్తుంది. పాశ్చాత్య పాటలో ఆ మెట్లే ఒక శైలిగా నిలబడ్డాయి. మన పాటకు ప్రాణమే ఆ ఊగడంలో ఉన్నప్పుడు, శ్రుతి తప్పిన చోట మాత్రమే చేత్తో సరిదిద్ది, మిగతా గొంతును ముట్టుకోకుండా వదిలేయడం రికార్డింగ్ చేసేవారి బాధ్యత. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

అపోహ: పాటలు కురచవుతున్నది కుర్రవాళ్లకు ఓపిక లేకపోవడం వల్ల.

వాస్తవం: 78 ఆర్‌పీఎం గ్రామఫోను రికార్డు ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలకు మించి పట్టేది కాదు, పొడుగాటి పాటను రెండు వైపులకూ విరిచేవారు. క్యాసెట్టు, సీడీ వచ్చాక నిడివి పెరిగింది. ఇప్పుడు స్పాటిఫైలో ముప్పై సెకన్లు వింటేనే అది ఒక స్ట్రీమ్‌గా లెక్కకు వస్తుంది కాబట్టి, గొంతు త్వరగా వినబడాలన్న తొందర పెరిగింది. అమెరికా టాప్ 10 పాటల మీద 2017లో వచ్చిన ఒక అధ్యయనం, 80ల మధ్యలో ఇరవై సెకన్లకు పైగా ఉన్న ప్రారంభ సంగీతం 2015 నాటికి ఐదు సెకన్లకు తగ్గిందని చూపింది. నిడివిని ఎప్పుడూ సరుకు మోసే పెట్టెలే నిర్ణయించాయి, దానికి పిల్లలను తిట్టడం అన్యాయం.

అపోహ: గట్టిగా మోగితేనే పాట నిలుస్తుంది.

వాస్తవం: సీడీల కాలంలో, ముఖ్యంగా 90ల నుంచి, ప్రతి కంపెనీ పక్కవాడి పాట కంటే తన పాట గట్టిగా ఉండాలని శబ్దంలోని ఎత్తుపల్లాలను నొక్కేసింది. ఇప్పుడు స్పాటిఫై వంటివి అన్ని పాటలనూ దాదాపు ఒకే స్థాయికి, సాధారణంగా మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (వినబడే గట్టిదనపు కొలత), తెచ్చి వినిపిస్తాయి. అక్కడ నొక్కిన పాట స్థాయి తగ్గిపోయి, డ్రమ్ము దెబ్బలో చేవ లేకుండా మిగులుతుంది. డీజే బాక్సులకు అలాంటి కట్టుబాటు లేదు కాబట్టి ఊళ్లలో ఈ అపోహ ఇంకా బతికే ఉంది.

అపోహ: చార్టుకు ఎక్కని పాటకు భవిష్యత్తు లేదు.

వాస్తవం: 1970లలో ఆకాశవాణి కోసం జితేంద్ర హరిపాల్, కృష్ణా పటేల్ పాడిన సంబల్‌పురీ పాట "రంగవతి" ఏ జాతీయ చార్టు అండా లేకుండానే పశ్చిమ ఒడిశా నుంచి మా తెలుగు పెళ్లిళ్ల బ్యాండు మేళాల దాకా వచ్చింది. హరిపాల్‌కు 2017లో, పటేల్‌కు 2023లో పద్మశ్రీ లభించాయి. నేటికీ మా మెలోడీలో ఆ పాట మొదలుపెడితే ముందు వరుసలో అమ్మమ్మలూ వెనుక వరుసలో కుర్రవాళ్లూ కలిసి అందుకుంటారు.

ఇప్పుడు నా స్టూడియోకు ఉత్తరాంధ్ర జానపదాలు, దేశియా (కొరాపుట్ వైపు ఒడియా మాండలికం) పాటలు, కువి (కోంధుల భాష) పాటలు పాడేవారు యూట్యూబ్‌లో పెట్టుకోవడానికి వస్తున్నారు. వారిలో ఎక్కువమంది, చార్టు పాటలా వినబడాలన్న ఆశతో, తెచ్చిన వరుసను నాలుగు దెబ్బల రెడీమేడ్ లూప్ మీద కూర్చోబెట్టమంటారు. ఆ వరుసకు దాని సొంత నడక ఉంటుంది, లూప్ మీద పెడితే చరణం చివరి మాటలు తొక్కుకుపోతాయి. సన్నాయిని పోలిన మహురి వాద్యం శ్రుతి కూడా కీబోర్డు మెట్ల మీద సరిగ్గా కూర్చోదు. అందుకే డప్పు, ఢోలు, మహురి వాయించేవారిని గదిలోకి పిలిచి ముందు వారిని రికార్డు చేసి, టెంపోను (పాట వేగాన్ని) వారి చేతి నడకకు తగ్గట్టుగా కంప్యూటరులో గుర్తులు పెట్టుకుని, కీబోర్డు శ్రుతిని మహురికి సర్ది, ఆ తరువాతే మిగతా పొరలు వేస్తాను. దీనికి సమయం ఎక్కువ పడుతుంది, వాద్యకారులకు ఇచ్చే డబ్బు వేరే లెక్క అవుతుంది. బడ్జెట్ చాలదనేవారికి నేను చెప్పేది ఒక్కటే: వీడియోకు డ్రోన్ షాటు ఒకటి తగ్గించుకుని, ఆ సొమ్ము ఢోలు కొట్టేవారికి ఇవ్వండి.