నాయకుణ్ణి ఏడిపించొచ్చు, మరి మేరీమాత పటాన్ని? మెక్సికో నాటకం కథ

1981 జూన్ 28. మెక్సికో సిటీలోని జాతీయ విశ్వవిద్యాలయం థియేటర్‌లో ఓస్కార్ లియెరా నాటకం ‘కూకరా ఇ మాకరా’ నడుస్తోంది. మధ్యలో ఒక గుంపు వేదికెక్కి నటులను చావబాదింది.

నాటకంలో బాంబు పేలి ఒక మేరీమాత పవిత్ర చిత్రపటం నాశనమవుతుంది. ఆ సంగతి భక్తులకు తెలియకుండా ఇంకో పటం ఎలా పెట్టాలా అని బిషప్పులు తర్జనభర్జన పడతారు. మాత పేరు కల్పితమే. కానీ అది మెక్సికన్లు ఎంతో భక్తితో కొలిచే మేరీమాత రూపం, గ్వాడలూపే మాత గురించేనని అక్కడ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. 1921లో ఆమె బసిలికాలో (పెద్ద చర్చిలో), పూలగుత్తిలో దాచిన బాంబు నిజంగానే పేలింది. బలిపీఠం మీది లోహపు శిలువ వంగిపోయింది, పటం చెక్కుచెదరలేదు. వంగిన ఆ శిలువను ఇప్పటికీ భక్తులకు చూపిస్తారు.

నిజానికి పాలకులను వెక్కిరించడం అక్కడి వేదికకు పాత అలవాటు. 1910లో మొదలైన మెక్సికో విప్లవం తర్వాతి దశాబ్దాల్లో ‘కార్పా’ అనే గుడారాల్లో చవక టికెట్‌కి పొట్టి ప్రదర్శనలు నడిచేవి. ప్రేక్షకులు కేకలేస్తే నటుడు అక్కడికక్కడే జవాబివ్వాలి. గంటసేపు మాట్లాడినా ఏమీ చెప్పని నాయకుల ధోరణిని హాస్యనటుడు కాంతిన్‌ఫ్లాస్ ఆ గుడారాల్లోనే ఒక కళగా మార్చాడు. వజ్రాల ఉంగరాల కార్మిక నేత మొరోనెస్‌ను ఇంకో హాస్యనటుడు రొబెర్తో సోతో రెవ్యూ (పాటలు, హాస్యం కలిపిన ప్రదర్శన) వేదికపై ఏకిపారేశాడు. ‘పాలియో’ అనే హాస్యనటుడైతే పలుమార్లు జైలుకెళ్లి, చివరికి అరెస్టును ఆపే కోర్టు ఉత్తర్వును వెంట ఉంచుకునేవాడు. 1947లో నాటక రచయిత ఉసిగ్లి రాసిన ‘ఎల్ హెస్తికులదోర్’ వేదికెక్కింది. చనిపోయిన విప్లవ వీరుడిగా చలామణీ అయ్యే ఓ ప్రొఫెసర్ కథ అది. పాలక పార్టీకి మంట పుట్టింది, ప్రదర్శనలు అర్ధంతరంగా ఆగాయి.

మతం దగ్గర మాత్రం లెక్క వేరు. 1917 రాజ్యాంగం చర్చి అధికారాలకు కత్తెర వేసింది. దాంతో కాథలిక్కులు ప్రభుత్వంపై తిరగబడిన 1926–29 క్రిస్తెరో యుద్ధంలో వేలమంది చచ్చిపోయారు. ఆ తర్వాత ప్రభుత్వం, చర్చి ఒకరి జోలికి ఒకరు పోకూడదని లోపాయికారీగా సర్దుకున్నాయి. 1981 దెబ్బల వెనక ఆ సర్దుబాటు కూడా ఉందని నా నమ్మకం. దశాబ్దాలుగా ఎవరూ తాకనిదాన్ని లియెరా తాకాడు.

దెబ్బలతో ఆ గొంతు ఆగలేదు. 1990లో హెసూసా రోద్రిగెస్, లిలియానా ఫెలిపే కలిసి కొయోవకాన్‌లో ‘ఎల్ ఆబితో’ అనే కాబరే (పాటలు, వ్యంగ్య ప్రదర్శనల చిన్న వేదిక) తెరిచారు. అధ్యక్షుడైనా, కార్డినల్ అయినా అక్కడ మినహాయింపు ఉండేది కాదు. బిషప్పు చేత చీవాట్లు తిన్న 17వ శతాబ్దపు సన్యాసిని, కవయిత్రి సోర్ హువానాను 1990ల్లో హెసూసా వేదికపైకి తెచ్చింది, ఈసారి అల్మొలోయా హైసెక్యూరిటీ జైల్లో ఖైదీగా.