పెద్దవాళ్లు పెరిగితే దేశం బిల్లు పెరుగుతుందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

నేను వృద్ధుల వైద్యం చూసే ఫిజీషియన్‌ని. మధ్యలో కొన్నేళ్లు ప్రభుత్వ ఆరోగ్య పథకం క్లెయిములు పరిశీలించే పని కూడా చేశాను. పేషెంటు మంచం పక్కన నిలబడి ఒకలా, ఆ మంచానికి డబ్బు కట్టే ఫైలు ముందు కూర్చుని ఒకలా ఈ వ్యవహారాన్ని చూశాను. పెద్దవాళ్ల గురించీ, ఆరోగ్య ఖర్చు గురించీ టీవీ చర్చల్లోనూ, బంధువుల ఇళ్లలోనూ, ఒక్కోసారి తోటి డాక్టర్ల నోటా వినపడే మాటలు కొన్ని ఉన్నాయి. వాటి సంగతి చూద్దాం.

అపోహ: ముసలివాళ్లు పెరిగితే వైద్య ఖర్చుతో దేశం దివాలా తీస్తుంది.

వాస్తవం: అదే నిజమైతే ముందు జపాన్ దివాలా తీయాలి. అక్కడ వందమందిలో 29 మంది 65 దాటినవాళ్లే. అమెరికాలో ఆ లెక్క 18 దగ్గర ఉంది. కానీ వైద్యానికి జపాన్ పెడుతున్నది జీడీపీలో 11 శాతం దరిదాపు, అమెరికా 2023లో పెట్టింది 17.6 శాతం. పోనీ అంత పోసినందుకు అమెరికావాళ్లు ఎక్కువకాలం బతుకుతున్నారా అంటే అదీ లేదు. జపాన్‌లో సగటు ఆయుర్దాయం 84 ఏళ్లు, అమెరికాలో 78.

తేడా ఎక్కడ వస్తోందంటే, ధర ఎవరు పెడతారన్న దగ్గర. జపాన్‌లో 1961 నుంచి అందరికీ బీమా ఉంది. బీమా సంస్థలు వేలల్లో ఉన్నా రేట్ల పుస్తకం మాత్రం ఒక్కటే. స్కాన్‌కి ఎంత, కుట్లు వేస్తే ఎంత, డాక్టరు ఇంటికెళ్లి చూస్తే ఎంత అని ప్రతి పనికీ ప్రభుత్వమే ధర కట్టి రెండేళ్లకోసారి సవరిస్తుంది. టోక్యోలో పెద్దాస్పత్రి అయినా, పల్లెలో క్లినిక్ అయినా అదే రేటు. ఏదైనా పరీక్ష మరీ ఎడాపెడా రాస్తున్నారనిపిస్తే తర్వాతి సవరణలో దాని రేటు కోసేస్తారు. 2002లో ఎంఆర్ఐ రేటుకు పట్టిన గతి అదే. మెషీన్లు తయారుచేసేవాళ్లు ఏడ్చుకుంటూనే చవక మెషీన్లు తయారుచేశారు.

అమెరికాలో 65 దాటినవాళ్లకు 1965లో చట్టం చేసి తెచ్చిన మెడికేర్ ఉంది. అంత పెద్ద కొనుగోలుదారు కంపెనీలతో గట్టిగా బేరమాడుతుందనుకుంటాం. కానీ మందుల కవరేజీని చేర్చిన 2003 చట్టమే మందుల కంపెనీలతో బేరం వద్దని మెడికేర్ చేతులు కట్టేసింది. ఆ కట్టు కాస్త వదులు కావడానికి 2022 దాకా పట్టింది. బేరమాడిన మొదటి 10 మందుల కొత్త ధరలు 2026 జనవరి నుంచి మొదలు.

అలాగని జపాన్‌కి టెన్షన్ లేదని కాదు. అక్కడి వైద్య ఖర్చులో దాదాపు 60 శాతం 65 దాటినవాళ్ల మీదే. 2008లో 75 దాటినవాళ్లకు విడిగా బీమా పెడితే ‘మమ్మల్ని పక్కకు నెట్టేశారు’ అని పెద్దవాళ్లు గొడవ చేశారు. 2022 అక్టోబరులో వాళ్లలో కాస్త ఆదాయం ఉన్నవాళ్లు వైద్యం బిల్లులో కట్టే వాటాను 10 శాతం నుంచి 20కి పెంచారు. వయసు ఒత్తిడి నిజమే. కానీ ఏటేటా పెరిగే వైద్య ఖర్చులో దాని వాటా చిన్నది. కొత్త మెషీన్లు, కొత్త మందులు, వాటి ధరలు, జనం ఆదాయాలు, వీటిదే పెద్ద వాటా.

అపోహ: వయసు పెరిగేకొద్దీ మనిషి మీద వైద్య ఖర్చు పెరుగుతూనే పోతుంది.

వాస్తవం: సగం నిజం. 1999లో పీటర్ జ్వైఫెల్ అనే ఆర్థికవేత్త, ఆయన సహచరులు స్విట్జర్లాండ్ బీమా రికార్డులు తిరగేసి, మనిషికి ఎన్నేళ్లొచ్చాయన్నదాని కంటే చావుకి ఎంత దగ్గరలో ఉన్నాడన్నదే ఖర్చును నడుపుతోందని చూపించారు. అరవైలో పోయినా తొంభైలో పోయినా ఆ ఆఖరి ఏడాది వచ్చేది ఒక్కసారే. పైగా తొంభై ఏళ్ల మనిషికి బైపాస్‌లు, ట్రాన్స్‌ప్లాంట్ల జోలికి ఎవరూ పోరు కాబట్టి ఆ ఏడాది ఆస్పత్రి ఖర్చు తక్కువే ఉంటుంది. అమెరికా మెడికేర్ డబ్బులో దాదాపు పావు వంతు మనుషుల ఆఖరి ఏడాదికే పోతుంది.

మిగతా సగం ఏమిటంటే, తోడు ఖర్చు. స్నానం చేయించడం, తినిపించడం, బాత్రూంకి పట్టుకుని తీసుకెళ్లడం, మతిమరుపు వచ్చినాయన వీధిలోకి వెళ్లిపోకుండా కనిపెట్టుకోవడం. ఇది వయసుతోపాటు పెరిగి తీరుతుంది. డాక్టరు బిల్లు వేరు, తోడు మనిషి బిల్లు వేరు. ఈ రెండింటినీ ఒకే సంచిలో వేసి మాట్లాడటం వల్లే చర్చ ఎప్పుడూ దారి తప్పుతుంది.

ఐసీయూలో ఈ దృశ్యం నాకు కొత్త కాదు. ఎనభై ఎనిమిదేళ్ల పెద్దాయన వెంటిలేటర్ మీద ఉంటారు. డల్లాస్ నుంచి కొడుకు ఫోన్లో ‘ఎంతైనా పర్లేదు డాక్టర్‌గారూ, చేయాల్సిందంతా చేయండి’ అంటాడు. పక్కనే నిలబడ్డ కూతురు ఏమీ అనదు. ఇంటికి తీసుకెళ్తే ఆయాసం వచ్చినప్పుడు ఏం చేయాలో, నొప్పికి ఏం ఇవ్వాలో, రాత్రి రెండింటికి ఎవరికి ఫోన్ చేయాలో చెప్పేవాళ్లు లేరు. అందుకే వారాల తరబడి బిల్లు నడుస్తుంది. దాన్ని తీసుకెళ్లి ఆయన వయసు ఖాతాలో రాసేస్తాం.

అపోహ: మనది యువకుల దేశం. ఈ గొడవ మనకిప్పుడే ఎందుకు?

వాస్తవం: దేశమంతా ఒక్క వయసులో లేదు. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023 నివేదిక ప్రకారం 2022లో భారత్‌లో 60 దాటినవాళ్లు 10.5 శాతం. 2050కి 20.8 శాతం అవుతారని అంచనా. 2021 అంచనాల్లో కేరళ 16.5 శాతానికి, ఆంధ్రప్రదేశ్ 12.4 శాతానికి చేరిపోయాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం సగటున ఒక్కో మహిళకు పుడుతున్న పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా నిలకడగా ఉండాలంటే కావాల్సిన 2.1కి ఇది బాగా తక్కువ.

ఎక్కువమందిని కనండి అన్నది ఇప్పుడు రాజకీయాల్లో వినపడుతున్న మందు. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024 నవంబరులో ఎత్తేసింది. ఎత్తేయడం మంచిదే, అది ఉండాల్సిన నిబంధనే కాదు. కానీ ఇవాళ పుట్టిన పిల్ల పన్ను కట్టడానికి పాతికేళ్లు కావాలి. ఇవాళ అరవై ఐదేళ్లున్నాయనకు అప్పటికి తొంభై.

అపోహ: ఆరోగ్య కార్డు ఉందిగా, పెద్దవాళ్ల వైద్యానికి ఇంకేం భయం?

వాస్తవం: కార్డు గొప్పదే. 2007లో ఆరోగ్యశ్రీ రాకముందు గుండె ఆపరేషన్ కోసం పొలాలమ్ముకున్న కుటుంబాలు మనందరికీ తెలుసు. 2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చింది. 2024 అక్టోబరు నుంచి 70 దాటినవాళ్లందరికీ ఆదాయంతో పని లేకుండా దాన్నే వర్తింపజేశారు. కాదనడానికి లేదు. అయితే ఆ కార్డు పనిచేసేది మనిషి బెడ్డు మీద పడుకున్నాకే.

ఒక మామూలు కేసు చెప్తాను. పెద్దావిడ బాత్రూంలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. కార్డు మీద ఆపరేషన్ అయింది, ఇంట్లోవాళ్లు రూపాయి కట్టలేదు. వారంలోపే డిశ్చార్జి. అసలు కథ అక్కడ మొదలవుతుంది. వాకర్ కొనాలి. కమోడ్ కుర్చీ కొనాలి. ఫిజియోథెరపిస్టు ఇంటికొస్తే విజిట్‌కి ఇంతని ఇవ్వాలి. కోడలో కూతురో కూలి మానుకుని ఇంట్లో ఉండాలి. రెండు మూడు విజిట్‌లయ్యాక ఫిజియోని ఆపేస్తారు. ఆవిడ భయంతో మంచం దిగదు. నడుం కింద ఎర్రబడి పుండు పడుతుంది, యూరిన్ ఇన్‌ఫెక్షన్ వస్తుంది, జ్వరంతో మళ్లీ అడ్మిషన్. ఆ రెండో అడ్మిషన్‌కి పథకం మళ్లీ డబ్బు కడుతుంది. అది రాకుండా ఆపగలిగే ఫిజియోకి మాత్రం కట్టదు.

ఇంకాస్త వెనక్కి వెళ్దాం. ఆవిడ ఎందుకు పడింది? బీపీ మాత్ర డోసు ఎక్కువై లేవగానే కళ్లు తిరిగాయా? శుక్లాలతో తడి నేల కనపడలేదా? ఎముకలు గుల్లబారాయా? నిద్రమాత్ర ఎవరైనా ఇచ్చారా? ఓపీలో పావుగంట కూర్చోబెట్టి, మాత్రల సంచి టేబుల్ మీద కుమ్మరించి చూస్తే తేలే విషయాలివి. ఆ పావుగంటకు పథకంలో డబ్బు కట్టే ప్యాకేజీ లేదు. నేను చూసిన క్లెయిము ఫైళ్లలో ఆపరేషన్‌కి ముందు ఎక్స్‌రే ఉంటుంది, తర్వాత ఎక్స్‌రే ఉంటుంది, డిశ్చార్జి రోజు ఫోటో ఉంటుంది. ఆరు వారాల తర్వాత ఆవిడ నడిచిందా అని అడిగే గడి మాత్రం ఉండేది కాదు.

ఆస్పత్రులను తప్పుపట్టి లాభం లేదు. డబ్బు ఎటు వస్తే అటే బెడ్లు, డాక్టర్లు, మెషీన్లు పెరుగుతాయి. స్టెంటుకు, మోకీలుకు, డయాలసిస్‌కి రేటుంది కాబట్టి జిల్లా కేంద్రాల్లో కూడా అవి వచ్చాయి. జెరియాట్రిక్ ఓపీ, అంటే వృద్ధులకు ప్రత్యేక ఓపీ, బోర్డు ఉన్న ప్రైవేటు ఆస్పత్రి ఎన్ని ఊళ్లలో ఉందో మీరే వెతుక్కోండి. ఆయుష్మాన్ భారత్‌లో డిశ్చార్జి తర్వాత 15 రోజుల ఖర్చు కలిసే ఉంటుంది, కానీ తుంటి ఎముక విరిగినవాళ్లకు నడక రావడానికి నెలలు పడుతుంది. ఆంధ్రప్రదేశ్ 2019లో ఆపరేషన్ తర్వాత విశ్రాంతి రోజులకు రోజుకు 225 రూపాయలిచ్చే ఆరోగ్య ఆసరా మొదలుపెట్టినప్పుడు ఎవరో ఒకరు డిశ్చార్జి తర్వాత సంగతి కూడా ఆలోచించారని సంతోషం వేసింది.

దేశం లెక్కలూ ఇదే చెప్తాయి. మొత్తం ఆరోగ్య ఖర్చులో జనం జేబులోంచి పోయేది 2013-14లో 64.2 శాతం, 2021-22కి 39.4 శాతానికి దిగింది. మంచి మార్పే. కానీ ప్రభుత్వాల ఖర్చు అప్పటికీ జీడీపీలో 1.84 శాతమే. 2025 నాటికి 2.5 శాతం చేస్తామని 2017 జాతీయ ఆరోగ్య విధానంలో రాసుకున్నాం. ఆ మిగిలిన జేబు ఖర్చులో పెద్ద ముద్ద మందులది, ఓపీది. షుగరు, బీపీ, కీళ్లనొప్పులతో ఇరవై ఏళ్లు బతకాల్సిన మనిషికి కావాల్సినవి అవే.

అపోహ: ఆస్పత్రిలో ఉంచితేనే పెద్దవాళ్లకు మంచి వైద్యం.

వాస్తవం: జపాన్ ఈ ముచ్చట తీర్చుకుని వచ్చింది. 1973లో 70 దాటినవాళ్లకు వైద్యం పూర్తిగా ఉచితం చేశారు. వెయిటింగ్ హాళ్లు రచ్చబండలైపోయాయి. ‘ఇవాళ ఫలానా ఆవిడ రాలేదేం?’ ‘పాపం, ఒంట్లో బాగాలేదట’ అని ఆస్పత్రుల మీద జోకు పుట్టింది అప్పుడే. జబ్బు నయమైనా ఇంట్లో చూసేవాళ్లు లేక నెలల తరబడి బెడ్ల మీదే ఉండిపోయినవాళ్లు ఎందరో. 1983లో మళ్లీ కొద్దిగా ఫీజు పెట్టారు, పరిస్థితి పెద్దగా మారలేదు. చివరికి 2000లో విడిగా తోడు బీమా తెచ్చారు. 40 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరూ ప్రీమియం కడతారు, సగం డబ్బు పన్నుల నుంచి వస్తుంది. పెద్దాయనకు ఏ మేరకు సాయం కావాలో లెక్కగట్టి ఏడు స్థాయుల్లో ఒకదాంట్లో పెడతారు. కేర్ మేనేజర్ వచ్చి వారంలో ఏ రోజు స్నానానికి మనిషి వస్తాడో, ఏ రోజు డేకేర్ వ్యాను వస్తుందో రాసిస్తాడు.

ఇక నా అనుభవం చెప్పాలంటే, వారం రోజులు బెడ్డు మీద కదలకుండా పడుకోబెడితే ఎనభై ఏళ్ల మనిషి తొడ కండ కరిగిపోతుంది. నడుచుకుంటూ వచ్చినాయన న్యుమోనియా తగ్గాక స్ట్రెచర్ మీద వెళ్తాడు. అవసరమైతే చేర్చాలి, అవసరం తీరగానే పంపేయాలి.

అపోహ: ముందుగా పరీక్షలు చేయించుకుంటే ప్రభుత్వానికి డబ్బు మిగులుతుంది.

వాస్తవం: కొన్నిటికి మిగులుతుంది, చాలావాటికి మిగలదు. బీపీ మాత్ర చవక, పక్షవాతం ఖరీదు, కాబట్టి 2008 నుంచి 104 బండ్లు ఊరూరా తిరిగి షుగరు, బీపీ మాత్రలిచ్చిన పని తెలివైనదే. ‘ఫుల్ బాడీ చెకప్’ ప్యాకేజీలు అలా కావు. మనిషి ఆరోగ్యంగా బతకడానికి చేసే ఖర్చు ఖర్చే, ఆదా చూపించి దాన్ని సమర్థించుకోనక్కర్లేదు.

అపోహ: 65 దాటితే ఎవరూ హెల్త్ పాలసీ ఇవ్వరు.

వాస్తవం: 2024 ఏప్రిల్ నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆ వయసు పరిమితి తీసేసింది. ముందే ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ మూడేళ్లకు మించకూడదు. సీనియర్ సిటిజన్ల ప్రీమియం ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే ముందు నియంత్రణ సంస్థతో మాట్లాడాలని 2025 జనవరిలో చెప్పింది. సొంత పాలసీల మీద జీఎస్టీ కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు. ఇన్నీ అయ్యాక కూడా ప్రీమియం చూస్తే కళ్లు తిరుగుతాయి, అది వేరే సంగతి.

అపోహ: పెద్దవాళ్లను చూసుకోవడం ఇంటిపని, దానికి ప్రభుత్వ ఖర్చేమిటి?

వాస్తవం: ఖర్చు ఉంది, కాకపోతే దాన్ని కోడళ్లు, కూతుళ్లు ఉద్యోగం మానేసి కడుతున్నారు. జపాన్‌లో బీమా ఉండి కూడా ఏటా లక్షమంది దాకా తల్లిదండ్రుల కోసం కొలువు వదులుకుంటున్నారు. హైదరాబాద్‌లో రోజంతా ఉండే కేర్‌టేకర్ నెలకు ఇరవై వేలకు తక్కువ దొరకడం కష్టం. దొరికినా శిక్షణ ఉందో లేదో చెప్పలేం.

దీనికి దేశాలు రెండు దారులు పట్టాయి. 1995లో తోడు బీమా పెట్టిన జర్మనీ, కావాలంటే మనిషిని పంపిస్తాం, లేదా ఇంట్లోవాళ్లే చూసుకుంటే నగదు ఇస్తాం అంది. జపాన్ నగదు వద్దనుకుంది. నగదిస్తే ఆ వంకతో కోడలిని ఇంటికి కట్టేస్తారని అక్కడి మహిళా సంఘాలు పట్టుబట్టాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి మంచానికే పరిమితమైనవాళ్లకు నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. తెలిసి చేసినా తెలియక చేసినా ఇది జర్మనీ దారే. నా ఓటు రెండింటికీ: డబ్బూ ఇవ్వాలి, నెలకోసారి మంచం దగ్గరికి నర్సూ రావాలి. కేరళ 2008లో పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే సేవ) విధానం తెచ్చి, ఆ నర్సు జీతం పంచాయతీ నిధుల్లోంచి వచ్చేలా చేసింది. పుండు కట్టు మార్చడం, యూరిన్ పైపు మార్చడం, మాత్రలు సరిచూడటం ఆమె పని. మా ఓపీకి ఆటోలో పడుకోబెట్టి తీసుకొచ్చే పేషెంట్లలో చాలామందికి కావాల్సింది ఆ మూడు పనులే.