పొడి వాతావరణం అన్నారు, మరి ఈ పొగమంచు ఎక్కడిది?

"వారమంతా పొడి వాతావరణమే అన్నారు. తెల్లారి చూస్తే ఎదురింటి గేటు కూడా కనపడట్లేదు. ఇదేం సూచన?" అని ఒక పాఠకుడు అడిగారు. జనవరిలో కోస్తా జిల్లాల్లో చాలామందికి వచ్చే అనుమానమే ఇది. నాకు మాత్రం ఎంతో ఇష్టమైన ప్రశ్న. ఎందుకంటే ఆ సూచన తప్పలేదు. వాన రాదు, ఆకాశం నిర్మలంగా ఉంటుంది అన్నారు. పొగమంచు పుట్టిందే ఆ నిర్మలమైన ఆకాశం వల్ల!

నేల రాత్రంతా పరారుణ కిరణాల రూపంలో వేడిని పైకి వదులుతూనే ఉంటుంది. మబ్బుంటే అందులో చాలా భాగాన్ని తిరిగి కిందికి పంపిస్తుంది. మబ్బు లేని రాత్రి నేలకు చదరపు మీటరుకు నికరంగా 60 వాట్ల నష్టం అనుకుందాం. వాటు అంటే సెకనుకు ఒక జౌలు శక్తి, కాబట్టి పది గంటల్లో అది 21 లక్షల 60 వేల జౌళ్లు. ఈ నష్టాన్నంతా నేలనంటి ఉన్న 100 మీటర్ల మందం గాలి ఒక్కటే భరించాల్సి వస్తే? ఒక చదరపు మీటరు మీద ఆ మందంలో ఉండేది సుమారు 120 కిలోల గాలి. కిలో గాలి ఒక డిగ్రీ చల్లబడటానికి వెయ్యి జౌళ్లు పోతే చాలు. లెక్క కడితే ఉష్ణోగ్రత 18 డిగ్రీలు పడిపోవాలి! మట్టి లోపలి వేడి కూడా పైకి వచ్చి ఆదుకుంటుంది కాబట్టి అంత పడదు. గాలి గట్టిగా వీచినా పడదు. అప్పుడు అదే నష్టాన్ని 500 మీటర్ల మందం పంచుకుంటుంది, 18 కాస్తా నాలుగు లోపుకి దిగుతుంది. అందుకే గాలి కదలని రాత్రులే బాగా చలి.

ఇలా కింద గాలి చల్లబడి, పైగాలి వెచ్చగా మిగిలిపోవడాన్ని ఉష్ణోగ్రతా విలోమం అంటారు. చల్లగాలి బరువు, పైకి లేవలేదు. వెచ్చటి పైపొర దాని మీద మూతలా కూర్చుంటుంది. భోగి తెల్లవారుజామున మంటల పొగను గమనించండి. కొంత ఎత్తు లేచి, అక్కడ ఏదో తగిలినట్టు ఆగి, అడ్డంగా పరుచుకుంటుంది. అది ఈ మూత కిందికి చేరిన పొగ. పాడేరు దగ్గర వంజంగి కొండెక్కి మేఘసముద్రం అని ఫొటోలు తీసుకుంటారే, అక్కడ ఇదే మూతను పైనుంచి చూస్తున్నాం. విశాఖలో కైలాసగిరికీ యారాడ కొండకీ మధ్య ఉన్న పల్లంలో శీతాకాలపు పొద్దుల్లో పొగ, దుమ్ము కదలకుండా నిలిచిపోవడంలో కూడా దీని చెయ్యి ఉంది.

బడిలో "పైకి వెళ్లేకొద్దీ కిలోమీటరుకు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది" అని చెప్పి వదిలేస్తాం. రాత్రిపూట నేల దగ్గర ఇది తలకిందులవుతుందని పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ. చలికాలం తెల్లవారుజామున ఒక థర్మామీటరు ఆరుబయట గడ్డి మీద, ఇంకొకటి మనిషి ఎత్తున పెట్టి చూపిస్తే చాలు, జన్మలో మరిచిపోరు.

మరి సముద్రం? అదే 21 లక్షల 60 వేల జౌళ్లు సముద్రం పోగొట్టుకుంటే, ఒక్క మీటరు లోతు నీరు భరించినా తగ్గేది అర డిగ్రీ. పైగా చల్లబడిన పైనీరు బరువెక్కి కిందికి దిగుతుంది, కిందినీరు పైకొస్తుంది, నష్టం ఇంకా లోతుకు పంపకమైపోతుంది. తెల్లారేసరికి సముద్రం రాత్రి ఉన్నంత వెచ్చగానే ఉంటుంది. వాతావరణ శాఖ శీతల గాలుల కొలమానంలో కూడా ఈ తేడా కనిపిస్తుంది. మైదానాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకో అంతకన్నా తక్కువకో దిగాలి. తీరంలో 15 డిగ్రీలు చాలు. రెండు చోట్లా అది సాధారణం కంటే నాలుగున్నర డిగ్రీలైనా తక్కువ ఉండాలి.

ఇక మంచు సంగతి. 25 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి 23 గ్రాముల ఆవిరిని పట్టుకోగలదు, 15 దగ్గర 13 గ్రాములే. కృష్ణా, గోదావరి డెల్టాల్లో కాలువలు, చెరువులు, తడి పొలాలు గాలికి ఆవిరి అందిస్తూనే ఉంటాయి. చల్లబడుతున్న గాలి తనలోని ఆవిరిని ఇక పట్టుకోలేని ఉష్ణోగ్రతే డ్యూ పాయింట్. అక్కడినుంచి ఆవిరి నీరవుతుంది. నీరైన ప్రతి గ్రాము దాదాపు 2,450 జౌళ్ల వేడి వదులుతుంది, ఆ వేడి చలికి అడ్డుపడుతుంది. కాబట్టి నిర్మలమైన రాత్రి డెల్టాలో రేపటి కనిష్ఠం ఎంతో ఊహించాలంటే సాయంత్రం డ్యూ పాయింట్ చూడండి, ఇంచుమించు అక్కడే ఆగుతుంది. గాలి పూర్తిగా స్తంభిస్తే ఆకుల మీద మంచు చుక్కలతో సరి. కొద్దిగా కదిలితేనే చల్లదనం పైకి పాకి పొగమంచు కడుతుంది.

"మంచు పడుతోంది, తలకు గుడ్డ కట్టుకో" అంటారు పెద్దలు. గుడ్డ మంచిదే, కానీ ఈ మంచు పైనుంచి పడేది కాదు. నేల మీద పరిచిన పట్టా అడుగువైపు తడిమి చూడండి, అక్కడా తడే. నేలలోని తేమే ఆవిరై అక్కడ నీరుగా మారింది.

ఇప్పుడు వారం సూచన దగ్గరికి వద్దాం. బులెటిన్‌లో "దిగువ ట్రోపో ఆవరణంలో (అంటే నేలకు దగ్గరి గాలి పొరలో) ఫలానా దిశ గాలులు" అనే వాక్యాన్ని చాలామంది చదవకుండా దాటేస్తారు. నేను ముందు చదివేది అదే. ఉత్తర, వాయవ్య గాలులైతే పొడి చలి. తూర్పు, ఆగ్నేయ గాలులైతే బంగాళాఖాతం తేమ వస్తుంది, చలి తగ్గినా పొగమంచుకు సరుకు పెరుగుతుంది. శ్రీలంక వైపు అల్పపీడనం ఉందంటే చినుకు రాకపోయినా మబ్బు రావచ్చు, వస్తే కనిష్ఠం పెరుగుతుంది, పొగమంచు ఆగుతుంది. ఆ మబ్బు ఏ రాత్రి వస్తుందన్నది నాలుగైదు రోజుల ముందు చెప్పడం కష్టం. వారం చివరి అంకెలు రోజూ మారుతుండటానికి ఇదొక పెద్ద కారణం. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ లాంటి తుఫాను పొలాలను నానబెట్టి వెళ్లాక ఆకాశం తేటపడిందంటే, పొగమంచుకు కావలసినవన్నీ సిద్ధమైనట్టే.

తెల్లవారుజామున జాతీయ రహదారి ఎక్కేవాళ్లకు ఒక మాట. పొద్దు పొడవగానే పొగమంచు విడిపోతుందని తొందరపడొద్దు. తొలి ఎండకు ఆకుల మీది మంచు ఆవిరై మళ్లీ ఆ చల్లగాలిలోనే కలుస్తుంది, గాలి కొద్దిగా కదలడం మొదలవుతుంది. దాంతో సూర్యోదయం తర్వాత కాసేపు పొగమంచు ఇంకా చిక్కబడవచ్చు. నేల వేడెక్కి, కిందిగాలి లేచి ఆ మూతను పగలగొట్టేదాకా, అంటే చాలాసార్లు ఎనిమిది, తొమ్మిది దాకా, బండి ఆపుకొని ఉండటమే మేలు.